తెలుగు స్త్రీ – నౌకావిద్య

అమరకోశం వారివర్గంలో నావకు నౌః, తరణిః, తరిః అని మూడు పేర్లున్నవి. మూడూ స్త్రీలింగ శబ్దాలేనని కోశకారుడు అక్కడనే చెప్పి ఉంచాడు. బాల్యంలో అమరం వల్లించిన వారెవరికీ ఇది కొత్త సంగతి కాదు. శబ్దానికి గల లింగానికీ, వస్తువును వాడే మనుషులకూ సంబంధం ఉండవలెనన్న నియమం వ్యాకరణంలో లేదు కనుక, దీనిని గురించి ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించలేదు. కాని చరిత్ర దృష్టితో చూచినప్పుడు ఒక ప్రశ్న పుట్టక మానదు. పేరు స్త్రీలింగమైన ఈ వస్తువు స్త్రీ చేతికి ఎప్పుడు వచ్చింది? ఎట్లా వచ్చింది? ఇంతకాలం ఎందుకు రాలేదు?

ఢిల్లీ నగరపు దక్షిణ భాగంలో కుతుబ్ మీనారుకు చేరువగా కటవారియా సరాయ్ అనే ప్రాంతం ఉన్నది. 1962లో విద్యాపీఠంగా ఆరంభమై, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన లాల్ బహదూర్ శాస్త్రి సంస్కృత విద్యాసంస్థ అక్కడనే ఉన్నది. ఆ సందులలోనే, పోటీ పరీక్షలకు చదువుకొనడానికి తెలుగు దేశం నుంచి వచ్చిన యువతీయువకులు చిన్న చిన్న గదులలో కాపురముంటారు. సరాయ్ అంటే బాటసారుల విడిది. అది మెట్టదారిన నడిచేవారి మజిలీయే కాని నీటిదారిన పోయేవారి రేవు కాదు. సముద్రం అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరం. అటువంటి చోటి నుంచి నౌకావిద్య మాట ఎత్తడం వింతగా తోచవచ్చు. అయితే నావ నడపడం నీటి ఒడ్డున పుట్టినవారికే అబ్బే విద్య అన్న నమ్మకమే పరిశీలింపవలసిన నమ్మకం. మన కాలంలో భూగోళాన్ని చుట్టివచ్చిన భారతీయ స్త్రీలలో ఎక్కువ మంది సముద్రం కనబడని ఊళ్లలో పుట్టినవారే. అదిగాక ఢిల్లీని ఒరసుకొని పారే యమున మీదనే మన సాహిత్యంలోని మొదటి నావికురాలు పడవ నడిపింది.

ఆమె మత్స్యగంధి. నన్నయ భట్టారకుడు ఆదిపర్వంలో తెలుగు చేసిన కథలో ఆమె దాశరాజు పెంచిన కన్య. తండ్రి ఆజ్ఞతో యమునలో ఓడ నడిపి, వచ్చినవారిని ఆవలి ఒడ్డుకు చేర్చడం ఆమె పని. పరాశరుడు ఆ ఓడ ఎక్కాడు, వ్యాసుడు పుట్టాడు, తరువాత శంతనుడు వచ్చాడు, భీష్మప్రతిజ్ఞ జరిగింది. భారతకథ యావత్తూ ఒక విధంగా ఆ ఓడలో నుంచే దిగివచ్చింది. ఇంతటి కథలో ఆమె దేహగంధం నిలిచింది, ఆమె సౌందర్యం నిలిచింది, ఆమె సంతానం నిలిచింది. యమున వరదలో ఓడను అడ్డంగా నడపడానికి ఎంత నేర్పు కావలెనో ఎవరూ తలచుకోలేదు. మత్స్యగంధి యోజనగంధి అయింది, సత్యవతి అయింది, హస్తినాపురపు రాణి అయింది. తెడ్డు వెనుక ఒడ్డుననే మిగిలిపోయింది.

ఆ యమున మీదనే త్యాగరాజస్వామి నౌకాచరిత్రం జరుగుతుంది. గోపికలు నావ ఎక్కి జలవిహారానికి పోతారు. మేమంతటివారమని గర్విస్తారు. గాలివాన వస్తుంది, నావకు చిల్లి పడుతుంది, గోపికలు శరణంటారు, కృష్ణుడు కాపాడతాడు. అహంకారం నశించడమే ఆ యక్షగానానికి పరమార్థం. భక్తికావ్యంగా దానికి గల స్థానం ఎవరూ తగ్గించలేనిది. అయితే అందులోని లౌకిక చిత్రం మన సమాజంలోనిదే. నావలో స్త్రీలున్నారు. నీరు లోపలికి వచ్చినప్పుడు చేయవలసినదేమిటో వారికి తెలియదు. తెలిసినవాడు మరొకడు. మన వాఙ్మయంలో నీటి మీద స్త్రీకి దొరికిన స్థానం చాలాకాలం ఇదే. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' కథలోని రంగి కాలువపడవలో మరపురాని మనిషి. అయినా ఆమె కూడా పడవ ఎక్కినదే కాని నడిపినది కాదు.

సాహిత్యంలోనే కాదు, చరిత్రలోనూ స్థితి ఇదే. తెలుగువారు సముద్రానికి కొత్తవారు కారు. శాతవాహనుల నాణేలపై రెండు స్తంభాల ఓడ ముద్ర కనబడుతుంది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం మన నౌకావర్తక చరిత్రలో ముఖ్యమైనది. గాలివానకు గురై ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. తాను నియమితమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనని గణపతిదేవుడు అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. ఆయన తరువాత ఆ రేవును ఏలినది ఆయన కుమార్తె రుద్రమదేవి. ఇటలీ యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని వర్ణిస్తూ, దానిని వివేకవతియైన ఒక రాణి పాలించిందని వ్రాశాడు. ఓడరేవును ఏలడానికి స్త్రీకి అడ్డులేకపోయింది. ఓడను నడపడానికి మాత్రం అడ్డు వచ్చింది.

గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. 1839 నవంబరులో వచ్చిన పెనుతుపానుతో అది దెబ్బతిన్నది. అయినా ఆ పేరు సముద్రం దాటి నిలిచింది. బర్మాకు కూలిపనులకు పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచేవారు. ఆ ఓడలలో స్త్రీలు కూడా ప్రయాణం చేశారు. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయిన తరువాత డెల్టా కాలువలలో పడవల రాకపోకలు పెరిగాయి. పుట్టింటికీ అత్తింటికీ నడుమ స్త్రీల ప్రయాణం పడవలలోనే సాగింది. కృష్ణా, తుంగభద్రలను పుట్టిలో కూర్చొని దాటడం ఆ తీరాల స్త్రీలకు నిత్యకృత్యం. ఇన్ని విధాల నీటి మీద తిరిగిన స్త్రీ ప్రయాణికురాలిగానే తిరిగింది.

సముద్రతీరపు పల్లెలలో ఈ వ్యత్యాసం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వేట నుంచి తెప్ప ఒడ్డుకు తగిలిన క్షణం నుంచి స్త్రీ పని ఆరంభమవుతుంది. చేపను వేరుచేయడం, ఉప్పుపెట్టి ఎండబెట్టడం, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మడం, అప్పులు తెచ్చి తీర్చడం, తుపాను కాలంలో సంసారం ఈడ్చడం – ఇవన్నీ ఆమెవే. తండేలు సముద్రంలో పడవకు పెద్ద అయితే, ఒడ్డున లెక్కకు పెద్ద ఆమె. గాలి ఏ దిక్కు నుంచి తిరిగితే వేట ఉంటుందో, కెరటం ఏ రంగు తిరిగితే భయమో ఆమెకు తెలియనిది కాదు. తెలిసిన విషయాన్ని చేతితో చేసి చూచే అవకాశం మాత్రమే ఆమెకు లేకపోయింది. శక్తి లేక కాదు. నేర్పేవారు లేరు, నేర్వవచ్చునన్న మాట చెప్పినవారు లేరు.

ఈ ఆటంకం తెలుగు దేశానికే పరిమితమైనది కాదు. 1766లో ఫ్రాన్సు నుంచి బయలుదేరిన బూగన్విల్ యాత్రలో ఝాన్ బారే అనే స్త్రీ పురుషవేషం ధరించి, వృక్షశాస్త్రజ్ఞుడు కొమెర్సన్‌కు సహాయకుడిగా ఓడ ఎక్కవలసి వచ్చింది. ఆమె మారిషస్ దీవిలో కొంతకాలం నివసించి, 1775 ప్రాంతంలో స్వదేశం చేరుకొన్నది. భూగోళాన్ని చుట్టివచ్చిన మొదటి స్త్రీగా చరిత్రకారులు ఆమెను లెక్కిస్తారు. ఓడ ఎక్కడానికే వేషం వేయవలసిన కాలంలో చుక్కాని మాట ఎక్కడిది? స్త్రీ ఒంటరిగా తెరచాప పడవను నడిపి భూగోళాన్ని చుట్టడానికి మరి రెండు శతాబ్దాలు పట్టింది. 1976లో బయలుదేరి 1978లో యాత్ర ముగించిన ఆ స్త్రీ పోలండుకు చెందిన క్రిస్తీనా హొయ్నోవ్‌స్కా-లిస్కియేవిచ్. ఆమె ఓడల నిర్మాణం చదివిన ఇంజనీరు. అదే సంవత్సరం నవోమీ జేమ్స్ హార్న్ అగ్రం మీదుగా ఒంటరిగా భూప్రదక్షిణం పూర్తిచేసింది. 1989–90లో ట్రేసీ ఎడ్వర్డ్స్ నాయకత్వాన 'మెయిడెన్' అనే పడవ, నావికులందరూ స్త్రీలుగా, విట్‌బ్రెడ్ భూప్రదక్షిణ పందెంలో పాల్గొని, తన తరగతిలో రెండు దశలు గెలిచింది. వీరు సగం దారిలో ఆగిపోతారని పందెం వేసినవారు అప్పుడు ఎందరో ఉన్నారు.

మన దేశంలో తెరచాపతో భూగోళాన్ని చుట్టే యత్నాన్ని నౌకాదళంలో ప్రోత్సహించినవాడు వైస్ అడ్మిరల్ మనోహర్ అవతి. గోవాలో కట్టిన 'మాదేయి' అనే పడవలో దిలీప్ దోందే 2009–10లో ఒంటరిగా భూప్రదక్షిణం చేసి, ఆ పని చేసిన మొదటి భారతీయుడయ్యాడు. 2012–13లో అభిలాష్ టామీ ఏ రేవులోనూ ఆగకుండా అదే దారిని ముగించాడు. స్త్రీలను అధికారులుగా నౌకాదళం 1992 నుంచే తీసుకొంటున్నది. కాని వారి ఉద్యోగాలు చాలావరకు ఒడ్డుననే. నౌకాదళంలో ఉండి సముద్రయానం చేయని ఆ స్త్రీలలో నుంచి ఆరుగురు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి తెరచాప విద్య నేర్చుకొన్నారు. వారికి గురువు దిలీప్ దోందే.

ఆ ఆరుగురు ఎక్కడివారో చూడడం అవసరం. నాయకురాలు వర్తికా జోషి ఉత్తరాఖండ్‌లోని ఋషికేశం నుంచి వచ్చింది. ప్రతిభా జమ్వాల్‌ది హిమాచల ప్రదేశ్‌లోని కుల్లూ. పాయల్ గుప్తాది డెహ్రాడూన్. విజయాదేవిది మణిపూర్. తక్కిన ఇద్దరు తెలుగువారు. పాతర్లపల్లి స్వాతిది విశాఖపట్నం. బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాదు. ఆరుగురిలో సముద్రపు ఒడ్డున పెరిగినది స్వాతి ఒక్కతే. ముగ్గురు హిమాలయపు ఒడినుంచి, ఒకతె ఈశాన్యపు లోయనుంచి, ఒకతె దక్కను పీఠభూమినుంచి వచ్చారు. కుల్లూలో కూర్చొని కెరటాన్ని ఊహించడం కంటె, కటవారియా సరాయ్‌లో కూర్చొని ఊహించడం కష్టం కాదు. నౌకావిద్య రక్తంలో ఉండవలెనన్నవారికి ఈ ఆరు ఊళ్ల పేర్లే సమాధానం.

వారు నేర్చుకొన్నదేమిటి? పడవకు తెరచాప ఎత్తడం అందరికీ తెలిసిన మాట. గాలి ఎటు వీస్తే పడవ అటే పోతుందని చూచేవారు అనుకొంటారు. గాలికి అడ్డంగానూ, కొంతవరకు ఎదురుగానూ పోగల నేర్పే ఈ విద్యకు ప్రాణం. గాలికి నేరుగా ఎదురు పోవడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. కనుక ఎదురుగాలిలో కొంతదూరం కుడివాలుగా, కొంతదూరం ఎడమవాలుగా మెలికలు తిరుగుతూ ముందుకు సాగాలి. మెలిక తిరిగిన ప్రతిసారీ తెరచాప ఒక పక్కనుంచి మరొక పక్కకు విసురుగా వస్తుంది. ఆ క్షణంలో తల వంచడం, తాడు వదలడం, రెండవ తాడు బిగించడం, చుక్కాని తిప్పడం – ఇవన్నీ ఒక్క ఊపిరిలో జరగాలి. చిన్న పడవలో చుక్కాని కర్రను కుడికి నెడితే పడవ ఎడమకు తిరుగుతుంది. కొత్తవారి చెయ్యి మొదట ఇక్కడనే తడబడుతుంది. కొంతకాలానికి ఆ తడబాటు పోయి, మనస్సు చెప్పక ముందే చెయ్యి తిరుగుతుంది.

దేహబలం చాలక స్త్రీ ఈ పని చేయలేదన్న వాదం చాలాకాలం నిలిచింది. తాళ్ల బరువును కప్పీలూ మరచక్రాలూ పంచుకొంటాయి. అంతకంటె ముఖ్యం, గాలి పెరుగుతున్నదని ముందే గుర్తించి తెరచాపను కుదించడం. ఆలస్యం చేసినవాడికి ఎంత బలమున్నా చాలదు. సమయం తెలిసినవారికి మామూలు బలమే చాలుతుంది. ఈ సమయజ్ఞానం పుస్తకం చదివి వచ్చేది కాదు. నీటి మీద గడిపిన రోజుల లెక్కనుబట్టి వచ్చేది. అందుచేతనే ఆ ఆరుగురు గ్రంథపాఠాలతో పాటు 2016లో మారిషస్‌కు, ఆ సంవత్సరం చివర కేప్‌టౌనుకు, 2017లో మళ్లీ మారిషస్‌కు ప్రయాణాలు చేశారు. పెద్ద యాత్రకు పూర్వమే వారు ఇరవై వేల నాటికల్ మైళ్లకు పైగా సముద్రం మీద నడిచారు. భూగోళపు చుట్టుకొలత 21,600 నాటికల్ మైళ్లు. అనగా లోకాన్ని చుట్టడానికి బయలుదేరే నాటికే, దూరం లెక్కన వారు ఇంచుమించు ఒకసారి చుట్టినట్లే.

వారి పడవ 'తారిణి'. గోవాలో కట్టిన 56 అడుగుల పడవ అది. 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. గంజాం జిల్లాలోని తారాతారిణి ఆలయదేవత పేరు దానికి పెట్టారు. తెలుగు, ఒడియా నేలలు కలిసే సీమకు చేరువనున్న ఆ కొండదేవతను పూర్వం ఓడ వర్తకులు కొలిచేవారు. తరణి, తరి, తారిణి – మూడూ దాటుట అనే అర్థం గల ఒకే ధాతువు నుంచి వచ్చినవి. తారిణి అనగా దాటించునది.

2017 సెప్టెంబరు 10న గోవాలో ఆ పడవ తాడు విప్పింది. ఫ్రిమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవులు తాకుతూ పోవలెనన్నది సంకల్పం. భూప్రదక్షిణంగా లెక్కకు రావాలంటే అన్ని రేఖాంశాలను దాటాలి. భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. కాలువలగుండా అడ్డదారి తీయరాదు. బయలుదేరిన రేవుకే తిరిగి రావాలి. ఈ నియమాల వల్ల దారి తప్పనిసరిగా దక్షిణ సముద్రాలకు దిగుతుంది. అక్కడ పడమటి గాలికి అడ్డు తగిలే భూమి దాదాపు లేదు కనుక, గాలీ కెరటమూ భూగోళం చుట్టూ పరుగెత్తుతూ పెరుగుతాయి.

ఆ యాత్రలోని ఒక తేదీ తెలుగువారు జ్ఞాపకముంచుకోదగినది. 2017 నవంబరు 12. ఆ రోజు స్వాతి, ఐశ్వర్యలు తక్కిన నలుగురితో కలిసి ఫ్రిమాంటిల్‌కూ లిటిల్‌టన్‌కూ నడుమ, ఆస్ట్రేలియా దక్షిణపు సముద్రంలో వంతులవారీగా చుక్కాని పడుతున్నారు. ఆ సాయంకాలమే కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం దగ్గర, గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమానికి విహారానికి పోతున్న పడవ ఒకటి తలకిందులయింది. ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో స్త్రీలు అనేకులు. ఒడ్డు కనబడుతున్నది, నది మనది, నీరు ఇంటి నీరు. అనుమతి లేని పడవ, పరిమితికి మించిన జనం. దోషం నడిపినవారిది, నడపనిచ్చినవారిది. మరణం ఎక్కినవారిది. రెండేళ్లు తిరగకుండానే, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలకు పోతున్న పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

ఈ సంగతులను ఒకచోట చేర్చి చెప్పడంలో ఉద్దేశం మృతులను తప్పుపట్టడం కాదు. ఒడ్డుకు అందేంత దూరంలో నీరు ఎందుకు మృత్యువయింది, వేల మైళ్ల ఆవల కొండలవంటి కెరటాల నడుమ ఎందుకు కాలేదు? అక్కడి పడవ బలమైనది, దాని సామగ్రి మేలైనది. నిజమే. దానితోపాటు, అక్కడ పడవలోనున్న ప్రతి మనిషికీ పడవ సంగతి తెలుసు. బరువు ఒక పక్కకు చేరితే ఏమవుతుందో తెలుసు. నడుముకు తాడు లేకుండా పైకి రాకూడదని తెలుసు. ఎప్పుడు బయలుదేరకూడదో కూడా తెలుసు. పడవ ఎక్కడానికి నిరాకరించగల జ్ఞానం నౌకావిద్యలో మొదటి భాగం. ప్రయాణికులుగా మాత్రమే పెరిగినవారికి ఆ మాట అనే ధైర్యం రాదు. ఒడ్డున నిలిచి, ఈ పడవలో జనం ఎక్కువయ్యారు, మేము ఎక్కము అనగల తల్లి ఒక్కతె ఉన్నా, ఆమె వెంట ఉన్న పిల్లల ప్రాణాలు నిలుస్తాయి.

లిటిల్‌టన్ నుంచి పసిఫిక్ సముద్రాన్ని దాటిన దశ యాత్రలో కఠినమైనది. ఆరు వారాలకు దగ్గరగా భూమి కనబడలేదు. 60 నాట్ల వేగపు గాలులు వీచాయి. చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా తాళ్లు పట్టవలసి వచ్చింది. 2018 జనవరిలో వారు హార్న్ అగ్రాన్ని చుట్టారు. మార్చిలో కేప్‌టౌను చేరారు. తరువాత హిందూ మహాసముద్రంలో చుక్కాని యంత్రానికి దెబ్బ తగిలింది. ముందు అనుకొనకపోయినా, మరమ్మతు కోసం మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగారు. పురుషవేషంలో బయలుదేరిన ఝాన్ బారే తన సముద్రయానం నిలిచిపోయి బతుకు వెళ్లదీసిన ఊరు అదే. అదే రేవులో ఆరుగురు స్త్రీలు తమ పేర్లతో, తమ దుస్తులతో, తమ పడవకు మరమ్మతు చేయించుకొని మళ్లీ బయలుదేరారు. 2018 మే 21న గోవా చేరేనాటికి 254 దినాలు గడిచాయి. అందులో 199 దినాలు నీటి మీదనే.

ఇంతటి యాత్రను ఘనకార్యంగా కీర్తించి ఊరుకొంటే, దాని ఫలం ఆరుగురితోనే ఆగిపోతుంది. ఆ విద్య మొదటి మెట్టు ఎక్కడ ఎట్లా నేర్పుతున్నారో చూడడం మేలు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో కట్టిన హుస్సేన్‌సాగర్ తెలుగువారి తెరచాప విద్యకు ఇప్పుడు పాఠశాల. సైన్యానికి చెందిన వారు అక్కడ ఏళ్ల తరబడి పందేలు నడుపుతూ వచ్చారు. 2009లో నెలకొన్న హైదరాబాద్ యాచ్ క్లబ్ బస్తీలలోని బీదకుటుంబాల పిల్లలను, వారిలో బాలికలను కూడా, చేరదీసి ఈ విద్య నేర్పుతున్నది. ఒకప్పుడు అధికారులకూ ధనికులకూ పరిమితమైన ఆట ఇది. కూలిపని చేసుకొనేవారి ఇళ్లనుంచి వచ్చిన ఆడపిల్లలు జాతీయస్థాయి పందేలలో పతకాలు తీసుకొనడం ఈ కొన్నేళ్లలో జరిగిన మార్పు.

చిన్నపిల్లలకు మొదట ఇచ్చే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల శిల్పి, తక్కువ ఖర్చుతో పిల్లలకు సరిపోయేట్లు దానిని రూపొందించాడు. పొడవు ఎనిమిది అడుగులకు లోపు. ఒకే తెరచాప, ఒకే మనిషి. అందులో కూర్చున్న పిల్లకు పక్కన అన్నగారుండడు, తండ్రి ఉండడు. గాలి ఉన్నది, తాడు ఒక చేతిలో ఉన్నది, చుక్కాని కర్ర మరొక చేతిలో ఉన్నది. పొరపాటు చేస్తే పడవ చెబుతుంది. సరిచేస్తే అదీ పడవే చెబుతుంది.

ఈత, లైఫ్ జాకెట్టు కట్టుకొనడం అయిన తరువాత, తొలిపాఠాలలో ముఖ్యమైనది పడవను కావాలని బోల్తా కొట్టించడం. పిల్ల నీటిలో పడుతుంది. పడవను వదలకుండా పట్టుకొని, వెనుకవైపుకు ఈది, అడుగున నీటిలోకి దిగి ఉండే పలకపై తన బరువు మోపి, పడవను మళ్లీ నిలబెట్టాలి. లోపలికి ఎక్కి, చేరిన నీటిని తోడిపోయాలి. తాడు సర్దుకొని మళ్లీ గాలి పట్టాలి. ఒకసారి కాదు, చాలాసార్లు ఇట్లా చేయిస్తారు. నీటిభయం పోవడానికి ఉపదేశాలు పనికిరావు. జరుగుతుందని భయపడినదే జరిగి, తన చేతులతో తానే దానిని సరిదిద్దుకొన్న తరువాత, భయం ఉండవలసినంత మేరకు మాత్రమే మిగులుతుంది. ఆ మిగిలిన భయం పేరు జాగ్రత్త. నౌకాచరిత్రంలోని గోపికలకు లేకపోయినది ఈ అభ్యాసమే.

2018 తరువాతి చరిత్ర వేగంగా నడిచింది. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు నౌకాదళంలోని స్త్రీలకు శాశ్వత నియామకం పొందే హక్కున్నదని తీర్పు చెప్పింది. స్త్రీల శరీరస్థితి సముద్రోద్యోగానికి తగదన్న వాదాన్ని న్యాయస్థానం అంగీకరించలేదు. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ ఒలింపిక్ తెరచాప పందేలకు అర్హత సంపాదించిన మొదటి భారతీయ స్త్రీగా 2021లో టోక్యో పోటీలలో పాల్గొన్నది. 2024 అక్టోబరు 2న దిల్నా, రూపా అనే ఇద్దరు నౌకాదళాధికారిణులు అదే 'తారిణి'లో బయలుదేరి, 2025 మే 29న గోవాకు తిరిగివచ్చారు. ఆరుగురి పని ఇద్దరే చేశారు. పడవ పాతదే. పెరిగినది అభ్యాసం.

అయితే గోదావరి లాంచీలలో సరంగు స్థానంలో స్త్రీ కనబడడం ఇంకా అరుదు. మత్స్యకార కుటుంబంలో పుట్టిన ఆడపిల్లకు పడవ విద్య నేర్పే పాఠశాల ఆమె ఊరిలో దొరకదు. ఏటా గోదావరి వరదలకు లంకగ్రామాల స్త్రీలు పిల్లలనెత్తుకొని పడవలకోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. పడవ వచ్చేదాకా ఎదురుచూడడమే వారి పని. పడవ నడపడం వారిలో పదిమందికి నేర్పితే ఆ ఎదురుచూపు తగ్గుతుంది. మహాసముద్రాలను దాటినవారి యశస్సు కంటె ఈ చిన్న మార్పు వల్ల నిలిచే ప్రాణాలు ఎక్కువ.

రచయితలకు కూడా ఇందులో కొంత పని ఉన్నది. చుక్కాని, తెరచాప, లంగరు, తెడ్డు, తండేలు, సరంగు, కళాసి – పడవకు సంబంధించిన మాటలు తెలుగులో చాలినన్ని ఉన్నవి. వీటిలో మనుషులను చెప్పే మాటలన్నీ పురుషులను ఉద్దేశించి పుట్టినవే. తండేలు అనగానే పాఠకుని కళ్ల ముందు మీసం కనబడుతుంది. స్త్రీని చెప్పవలసి వచ్చినప్పుడు 'మహిళా నావికుడు' అనే వికృతప్రయోగానికి పత్రికలు పాల్పడుతున్నవి. నావికురాలు అన్న మాట ఉండగా ఆ అవస్థ అవసరం లేదు. నౌకాసైన్యాన్ని తెలుగువారు చిరకాలంగా నావికాదళం అంటున్నారు. నావికా అన్నది సంస్కృతంలో స్త్రీరూపం కూడా అవుతుంది. మాట అట్లా కుదరడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ రూపానికి తగిన మనుషులు మాత్రం ఇప్పుడున్నారు.

మాట ఉన్నంత మాత్రాన కథ రాదు. తాడు అరచేతిని కోసినప్పటి మంట, తెరచాప గాలి పట్టిన క్షణంలో పడవ ఒళ్లు జలదరించడం, రాత్రివంతులో నిద్ర ఆపుకొంటూ దిక్సూచి చూచే కళ్లు – వీటిని స్త్రీ అనుభవంగా వ్రాసిన తెలుగు రచనలు ఇంకా రావలసి ఉన్నవి. నన్నయ భారతంలో మత్స్యగంధి ఓడను యమున మీద చూపాడు. ఆమె నేర్చిన విద్యను గురించి వ్రాయడం ఆయన కథకు అవసరం లేకపోయింది. విశాఖపట్నం, హైదరాబాదుల నుంచి పోయి హార్న్ అగ్రాన్ని చుట్టివచ్చిన ఇద్దరి కథ వ్రాసేవారు మాత్రం ఆ విద్య తెలిసికొనక వ్రాయలేరు. అందుకు మొదటి సాధనం గ్రంథాలయంలో దొరకదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు పోయి, ఎనిమిదడుగుల పడవ బోల్తా పడడమూ, పన్నెండేళ్ల పిల్ల దానిని తిరిగి నిలబెట్టడమూ దగ్గరగా చూడవలసి ఉంటుంది.